పోయిన రూక, దాచిన ధనం

లూకా సువార్త 15వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఉపమానాల్లో ఒకటి మన ఇళ్ళలోని స్త్రీలకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. పది వెండి నాణేలున్న ఒక స్త్రీ వాటిలో ఒకదాన్ని పోగొట్టుకుంది. దీపం వెలిగించింది, ఇల్లంతా ఊడ్చింది, దొరికేదాకా వెదికింది. దొరికాక ఇరుగుపొరుగు వారిని పిలిచి సంతోషించింది. నాట్లు వేస్తుండగా బురదలో ఉంగరం జారిపోయిన అక్కకు, కళ్ళంలో గడ్డి కింద చెవి దుద్దు పోయిన చెల్లికి ఆ వెదుకులాట ఎలాంటిదో బాగా తెలుసు. పోయింది అర తులమే కావచ్చు. అది పెళ్ళినాడు పెట్టిన బంగారమైతే ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు.

ఈ కాలంలో దీపానికీ చీపురుకీ తోడు ఒక యంత్రం వచ్చింది. దాని పేరు మెటల్ డిటెక్టర్. సికింద్రాబాద్‌లో పరేడ్ గ్రౌండ్ మెట్రో స్టేషన్‌కు వెళ్ళినవారు గుమ్మం లాంటి యంత్రం గుండా నడిచే ఉంటారు. జేబులో తాళంచెవులుంటే అది మోగుతుంది. పొడవాటి కడ్డీకి గుండ్రటి పళ్ళెం బిగించినట్టుండే మరో రకాన్ని నేల మీద అటూ ఇటూ తిప్పితే మట్టిలోని లోహాన్ని పసిగడుతుంది. పల్లెల్లో దీన్ని గురించి రెండు మాటలు వినిపిస్తాయి. పోయిన నగ దొరుకుతుందన్నది ఒకటి, పాత కోటల్లో లంకెబిందెలు దొరుకుతాయన్నది రెండోది. మొదటి మాటలో నిజముంది. రెండో మాట ఎన్నో కుటుంబాలను అప్పుల్లో ముంచింది. కాబట్టి విశ్వాసులమైన మనం ఈ రెంటి మధ్య తేడా తెలుసుకోవడం మంచిది.

యంత్రం చేసే పని

ఆ పళ్ళెంలో రాగి తీగ చుట్ట ఉంటుంది. దానిలో విద్యుత్తు పారినప్పుడు చుట్టూ అయస్కాంత శక్తి పుట్టి, మారుతూ ఉంటుంది. కింద లోహమేదైనా ఉంటే ఆ శక్తి తగిలి అందులో సన్నని విద్యుత్తు సుడులు తిరుగుతుంది. ఆ మార్పును యంత్రం గ్రహించి మోగుతుంది. ఇంతకు మించి ఇందులో మంత్రమూ లేదు, మాయా లేదు.

దీని హద్దులు కూడా తెలియాలి. చేతితో పట్టుకునే మామూలు యంత్రం రూపాయి బిళ్ళంత నాణేన్ని సుమారు జానెడు లోతు వరకు పట్టగలదు. చిన్న ముక్కుపుడక అయితే కొన్ని వేళ్ళ లోతు దాటితే తెలియడం కష్టం. ముత్యాలు, పగడాలు, రాళ్ళు, నోట్ల కట్టలు దీనికి అందవు. ఇనుప రేణువులున్న ఎర్రమట్టిలో ఉత్తుత్తినే మోగుతుంది. మంచి యంత్రాలు ఇనుప మేకుకూ వెండి నాణేనికీ వేరు వేరు శబ్దాలు చేస్తాయి. కానీ సన్నని బంగారు ఉంగరం, సిగరెట్టు పెట్టెలోని మెరుపు కాగితం, సోడా మూత ఒకేలా వినిపించవచ్చు. తవ్వి చూస్తేగాని తెలియదు.

మొట్టమొదటి రోజుల్లోనే ఈ యంత్రం ఒక పాఠం నేర్పింది. 1881 జూలైలో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. ఆయన యౌవనంలో సువార్త ప్రకటించిన వ్యక్తి. శరీరంలో ఉండిపోయిన గుండు ఎక్కడుందో కనుక్కోవడానికి టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రహంబెల్ ఒక లోహశోధక యంత్రం తయారుచేసి తెచ్చాడు. కానీ గుండు కుడివైపే ఉందని పెద్ద వైద్యుడు పట్టుబట్టి, ఆ వైపే వెదకనిచ్చాడు. పరుపులోని ఇనుప స్ప్రింగులు కూడా యంత్రాన్ని తికమకపెట్టాయి. ఆ సెప్టెంబరులో అధ్యక్షుడు కన్నుమూశాడు. గుండు ఎడమవైపు ఉందని తర్వాత తేలింది. వెదకనిచ్చిన చోటే యంత్రం వెదుకుతుంది. ముందే ఒక నిర్ణయానికి వచ్చినవారికి అదేమీ చేయలేదు.

నగ పోయినప్పుడు

ముందుగా కంగారు పడి నేలను తొక్కకండి, దున్నకండి. తొక్కినకొద్దీ వస్తువు లోతుకు దిగుతుంది. చివరిసారి ఒంటి మీద ఎక్కడ చూసుకున్నారో నెమ్మదిగా గుర్తు చేసుకుని, ఆ దారంతా కర్రలతో గుర్తులు పెట్టండి. చెరువు గట్టున పోతే బట్టలుతికిన రాయి చుట్టూ, పొలంలో పోతే ఆ పూట నాటిన మడి వరకే హద్దు కట్టండి. పొలాన్ని తాళ్ళతో చాళ్ళుగా విడదీసి ఒక్కో చాలు పూర్తి చేయండి. గడ్డి అయితే గుప్పెడు గుప్పెడు గోనె పట్టా మీద విదల్చండి. యంత్రం దొరికితే దాన్ని నేలకు దగ్గరగా, నెమ్మదిగా తిప్పాలి. మోగిన ప్రతి చోటా చేతి తాపీతో చిన్న గుంట తీసి, చూశాక తిరిగి పూడ్చాలి. వేరొకరి పొలమైతే ముందు అనుమతి అడగాలి. యంత్రం కొనే ముందు అద్దెకు దొరుకుతుందేమో చూడండి. ఉంగరం కంటే ఎక్కువ ఖరీదు పెట్టి ఉంగరాన్ని వెదకడం వివేకం కాదు.

ఇంట్లో పనిచేసే మనిషి మీద, కోడలి మీద అనుమానం పెట్టుకోవడం మాత్రం వద్దు. పోయిన నగ రేపు దొరకవచ్చు. అన్న మాట తిరిగి రాదు.

సుత్తి వెదకబోయిన మనిషి

ఇంగ్లండులో సఫోక్ జిల్లాలోని హాక్సన్ గ్రామంలో పీటర్ వాట్లింగ్ అనే రైతు పొలంలో సుత్తి పోగొట్టుకున్నాడు. అతని స్నేహితుడు ఎరిక్ లాస్ తోటపని చేసి విరమణ పొందినవాడు. అతని దగ్గర మెటల్ డిటెక్టర్ ఉంది. 1992 నవంబరు 16న సుత్తి వెదకడానికి పొలంలోకి వెళ్ళాడు. యంత్రం గట్టిగా మోగింది. తవ్వితే సుత్తి కాదు, బంగారు, వెండి నాణేలు బయటపడ్డాయి.

అప్పుడతను చేసిన పని గమనించండి. కొంత తీసి, ఇది పెద్ద నిధి అని గ్రహించగానే తవ్వడం ఆపేశాడు. పొలం యజమానికీ అధికారులకూ కబురు పెట్టాడు. పురావస్తు శాఖవారు వచ్చి నేలలో ఏది ఏ వరుసన ఉందో రాసుకుంటూ బయటకు తీశారు. దాదాపు 15,000 రోమన్ నాణేలు, 200 దాకా వెండి పాత్రలు, బంగారు నగలు దొరికాయి. క్రీస్తు నామానికి గురుతైన చిహ్నం చెక్కిన చెంచాలు కూడా వాటిలో ఉన్నాయి. 1,600 ఏళ్ళ క్రితం ఒక క్రైస్తవ కుటుంబం తమ సామాను పెట్టెలో పెట్టి పాతి ఉండవచ్చునని దానివల్లనే ఊహించగలిగారు. అతను గునపంతో కుమ్మి ఉంటే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. ప్రభుత్వం అతనికి 17 లక్షల 50 వేల పౌన్లు బహుమానమిచ్చింది. దాన్ని అతను రైతుతో పంచుకున్నాడు. సుత్తి కూడా దొరికింది. ఆ నిధితోపాటు అదీ బ్రిటిష్ మ్యూజియంకు చేరింది!

మన నేలలో కైసరు రూకలు

మన నేల కూడా ఇలాంటి సాక్ష్యాలను దాచుకుంది. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి దేనారాలు దొరికాయి. వాటిలో ఔగుస్తు కైసరు, తిబెరి కైసరు కాలపు నాణేలున్నాయి. ఔగుస్తు దినాల్లో మన ప్రభువు జన్మించాడు, తిబెరి దినాల్లో సిలువ వేయబడ్డాడు. పన్ను విషయంలో ఆయనను శోధించినవారు తెచ్చి చూపిన దేనారము (మత్తయి 22) తిబెరి ముద్ర గలదే అయి ఉంటుందని చాలామంది పండితుల అభిప్రాయం. అలాంటి నాణేలు ఓడలెక్కి మన తెలుగు నేల వరకు వచ్చాయంటే ఎంత ఆశ్చర్యం! గోదావరి ఒడ్డున కోటిలింగాలలో కూడా శాతవాహనుల, అంతకు ముందటి రాజుల నాణేలు దొరికాయి. వాటిని సంగనభట్ల నరహరిశర్మ సేకరించగా, పి.వి. పరబ్రహ్మశాస్త్రి పరిశీలించి చరిత్ర రాశారు. ఇటీవల 2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో భూమి చదును చేస్తుండగా బంగారు, వెండి నగలున్న కుండ బయటపడింది. అధికారులు వచ్చి దాన్ని స్వాధీనం చేసుకున్నారు.

కైసరువి కైసరుకు చెల్లించమన్న ప్రభువు మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. 1878 నాటి ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దాచిన సొత్తు పది రూపాయల విలువ మించితే, దొరికినవారు కలెక్టరుకు రాతమూలకంగా తెలపాలి. ఏమి దొరికింది, ఎక్కడ, ఏ రోజు అన్నది రాయాలి. సొత్తును ప్రభుత్వ ఖజానాలో అప్పగించాలి, లేదా జామీను ఇవ్వాలి. విచారణలో హక్కుదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, స్థలం యజమానికి ఒక వంతు వస్తుంది. ప్రభుత్వమే ఆ సొత్తును తీసుకోదలిస్తే దాని విలువకు అయిదో వంతు కలిపి చెల్లిస్తుంది. దాచిపెట్టినవారికి ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వడం వేరే నేరం.

సికింద్రాబాద్ 1806లో సికందర్ జా నిజాం పేరు మీద వెలసిన దండు. అందుకే పాతవారు నేటికీ లష్కర్ అంటారు. సెయింట్ జాన్స్ దేవాలయం 1813 నుండి అక్కడ నిలిచి ఉంది. దొరల కాలపు సమాధులు, బంగళాలు కనబడగానే అక్కడ బంగారం పాతి ఉంటుందని కొందరికి ఆశ పుడుతుంది. సైన్యం స్థలంలో యంత్రం పట్టుకుని తిరగడం చట్టంతో చెలగాటం. పాత గుండు ఏదైనా బయటపడితే ప్రాణానికే ముప్పు. దాన్ని ముట్టకుండా పోలీసులకు చెప్పాలి. ఇక సమాధులు తవ్వడమంటే, పునరుత్థాన నిరీక్షణతో నిద్రించినవారిని అవమానించడమే.

లంకెబిందెల ఉచ్చు

ప్రభుత్వాలు కూడా ఈ ఆశకు లోనైన సందర్భాలున్నాయి. 2012లో హైదరాబాద్ నౌబత్ పహాడ్ దగ్గర ఒక పాఠశాల ఆవరణలో సొరంగ నిధి ఉందన్న కబురు మీద పురావస్తు శాఖ తవ్వించింది. నిధి దొరకలేదు. 2017 చివరిలో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో తవ్వారు. ఎముకలు, ఇటుకలు వచ్చాయి గానీ బంగారం రాలేదు.

అధికారులు, యంత్రాలు, నిధులు ఉన్నవారికే అలా జరిగితే పేద రైతు మాటేమిటి? మోసగాడు ఊరిలోకి వస్తాడు. ముందే తాను పాతిపెట్టిన ఇత్తడి ముక్క మీద యంత్రాన్ని మోగిస్తాడు. ఇరవై అడుగుల లోతున బిందెలున్నాయంటాడు. పూజకు, బలికి, పెద్ద యంత్రానికి డబ్బు కావాలంటాడు. బియ్యాన్ని లాగే రాగి చెంబు ఉందని చెప్పి లక్షలు గుంజేవారు మరో రకం. రైతు ఎకరం అమ్ముతాడు, భార్య మెడలో గొలుసు కుదువపెడతాడు. నేలలో లేని బంగారం కోసం ఇంట్లో ఉన్న బంగారం పోతుంది. మోసపోయామని పోలీసులకు చెప్పుకోవడానికీ భయమే, తాము చేసింది నేరమని తెలుసు గనుక. మోసగాడి ధైర్యం కూడా అదే.

గుడారం కింద, పొలంలో

బైబిలులో దాచిన ధనం గురించి రెండు సంగతులున్నాయి. యెహోషువ 7వ అధ్యాయంలో ఆకాను తనది కాని వెండిని, బంగారు కమ్మిని చూశాడు, ఆశించాడు, తీసుకున్నాడు, గుడారం మధ్య పాతిపెట్టాడు. దాని ఫలం అతనితో ఆగలేదు, ఇంటివారందరినీ చుట్టుకుంది. మత్తయి 13:44లో మనిషి పొలంలో ధనం చూశాడు. అతను రాత్రివేళ దొంగిలించుకుపోలేదు. సంతోషంతో తనకున్నదంతా అమ్మి ఆ పొలమే కొన్నాడు. ఒకడు దాచి అంతా పోగొట్టుకున్నాడు. మరొకడు అంతా ఇచ్చి పొందాడు. ప్రభువు ఈ రెండోదాన్ని పరలోక రాజ్యానికి పోలికగా చెప్పాడు.

ప్రియ పాఠకులారా, పోయిన నగను వెదకండి, తప్పు లేదు. ఎరవు తెచ్చిన గొడ్డలి నీటిలో పడితే దాని కోసం కూడా ఎలీషా శ్రద్ధ తీసుకున్నాడు (2 రాజులు 6). మన చిన్న నష్టాలు దేవునికి చిన్నవి కావు. దొరికింది మనది కాకపోతే అప్పగిద్దాం. నిధి చూపిస్తానని ఎవరైనా గడప తొక్కితే, అప్పు పత్రం మీద వేలిముద్ర వేయకముందే భార్యాభర్తలిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి, సంఘ కాపరితో చెప్పండి. ఈ వారం కుటుంబ ప్రార్థనలో యెహోషువ 7, మత్తయి 13 పక్కపక్కన చదివి, మన ఇంట్లో గుడారం కింద దాచినదేమైనా ఉందా అని పిల్లలతో కలిసి ఆలోచించండి.