మూగజీవి రోగమును తెలిసికొనుట
(శునకముల అరుదైన వ్యాధులు, వాని శస్త్రచికిత్స)

మన పల్లెలలో కుక్క లేని వాడ కానరాదు. జనగామ మెట్టపొలములలో గొల్లకురుమల గొఱ్ఱెలమంద వెంట నడచునది కుక్క. మహబూబాబాదు తండాలలో మిరపకల్లములకు రాత్రివేళ కావలి యుండునది కుక్క. భూపాలపల్లి యడవి యంచున పంది చేనిలోనికి దిగినప్పుడు మొట్టమొదట అఱచి రైతును మేలుకొలుపునదియు కుక్కయే. అయినను ఎద్దునకు జబ్బుచేసిన నాడు ఇల్లంతయు కలతపడును; కుక్కకు జబ్బుచేసిన నాడు "గడ్డి మేసి కక్కుకొనును, అదే తగ్గును" అని యూరకుందుము. కుక్క గడ్డి మేయుట నిజమే. కాని పేగులో మామిడిటెంక అడ్డుపడిన కుక్క ఎంత గడ్డి మేసినను ప్రయోజనము లేదు. దానిని బ్రదికింపగలది శస్త్రచికిత్స యొక్కటే.

మనుష్యులకు వలెనే కుక్కలకును పొట్టను, రొమ్మును తెఱచి చికిత్స చేయుదురని మనలో అనేకు లెఱుగరు. ఎట్టి వ్యాధులకు శస్త్రము చేయుదురో, ఎట్లు చేయుదురో, అందు మన పాలెంతయో ఇచ్చట సంగ్రహముగా వివరింతుము.

చికిత్స దొరకు స్థలములు

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు మూడును 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ఏర్పడినవి. అంతకు పూర్వమివి చాలవరకు వరంగల్లు జిల్లాలోని భాగములు. ఈ ప్రాంతములందలి ప్రభుత్వ పశువైద్యశాలలలో గాయములకు కుట్లు వేయుట, చీముగడ్డలను కోయుట, టీకాలు వేయుట మొదలగు పనులు జరుగును. రొమ్ము తెఱువవలసినంతటి పెద్ద పనికి పెద్ద యుపకరణములును, పలువురి చేతులును కావలెను. అట్టి పనికి కళాశాలల వైద్యశాలలే దిక్కు. 2014లో స్థాపింపబడిన పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయమునకు వరంగల్లు చెంత మామునూరులో ఒక కళాశాలయు, హైదరాబాదు చెంత రాజేంద్రనగరములో 1946 నాటి మఱియొక కళాశాలయు కలవు. విశ్వవిద్యాలయమునకు ఎవరి పేరు పెట్టిరో ఆ నరసింహారావుగారు 1921లో జన్మించినది నేటి వరంగల్లు జిల్లాలోని లక్నేపల్లియందే.

జనగామకును మహబూబాబాదునకును రైలుమార్గము కలదు. భూపాలపల్లికి రైలు లేదు. పరకాల మీదుగా వరంగల్లునకు రోడ్డున రావలెను. అడవిలోపలి గూడెమునుండి బయలుదేరిన వానికి సగము దినము దారిలోనే గడచును. కావున రోగమును ఎంత త్వరగా కనిపెట్టుదుమన్న విషయము పట్టణవాసులకంటె మనకే ముఖ్యము.

శస్త్రము చేయు విధము

రోగి మనుష్యుడైనచో "ఇచ్చట నొప్పి" యని వ్రేలు పెట్టి చూపును. కుక్క చూపజాలదు. పైగా నొప్పిని దాచుకొనుట దాని స్వభావము. అందుచేత వైద్యుడు మొదట ప్రశ్నించునది యజమానిని. ఎప్పటినుండి తినుట మానినది? కక్కుచున్నదా, కక్కబోయి ఏమియు రాక నిలిచిపోవుచున్నదా? నీరెంత త్రాగుచున్నది? మలమూత్రములు సరిగా నున్నవా? ఈ ప్రశ్నలకు సరియైన ప్రత్యుత్తరము వచ్చినచో సగము రోగము తెలిసినట్లే. పిమ్మట చేతితో తడవి చూచును. అవసరమైనచో ఎక్స్‌రే తీయును. ఈ కిరణములను 1895లో జర్మనీ దేశపు రంట్‌జన్ పండితుడు కనుగొనెను. ఎముక, ఱాయి, ఇనుపముక్క ఇందు స్పష్టముగా కనబడును. మెత్తని యవయవములను చూచుటకు అల్ట్రాసౌండు యంత్రము ఉపయోగపడును.

సాధారణముగా శస్త్రమునకు కొన్ని గంటల ముందునుండి కుక్కకు ఆహారము పెట్టరాదు. మత్తులో నున్నప్పుడు కక్కినచో ఆ కక్కు ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము తీయును. మత్తుమందు ఎంతటి వరమో చెప్పనలవి కాదు. 1846వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన బోస్టను నగరములో ఈథరు మందిచ్చి శస్త్రము చేసి చూపిరి. అంతవఱకు మనుష్యులకు సైతము కట్టిపడవేసి కోయుటయే గతి. నేడు కుక్కకు సూదిమందుతో నిద్ర పట్టించి, శ్వాసనాళములో గొట్టము నుంచి, దాని ద్వారా ప్రాణవాయువును మత్తువాయువును ఇత్తురు. పిదప వెండ్రుకలు గొఱిగి, చర్మమును శుద్ధిచేసి, ఉడికించి శుద్ధిపఱచిన పరికరములతో పని సాగింతురు. గాయము చెడుటకు కారణము సూక్ష్మజీవులేయని నమ్మి శుద్ధిపద్ధతిని 1867లో లోకమునకు వెల్లడించిన వాడు లిస్టరు అను నాంగ్లేయ వైద్యుడు. పని ముగిసిన పిమ్మట కుక్క కుట్లను నాకి ఊడబెఱుకకుండ మెడకు గరాటువంటి పట్టీ కట్టుదురు.

కొన్ని అరుదైన వ్యాధులు

మొదటిది పేగులో అడ్డు. మామిడిటెంక, మొక్కజొన్న బెండు, గుడ్డపీలిక, దారముతో గూడిన సూది, ఇట్టివి మ్రింగిన కుక్క పదేపదే కక్కును, మలము రాదు, నానాటికి క్రుంగును. వైద్యుడు పేగును కోసి వస్తువును తీసి మరల కుట్టును. ఆలసించినచో ఆ చోట పేగు నల్లబడి చచ్చిపోవును. అప్పుడు చచ్చిన భాగమును కోసివేసి రెండు కొనలను అతుకవలెను. మొదటిది తేలికపని, రెండవది ప్రాణముతో పందెము. రెంటికిని భేదము ఒకటి రెండు దినముల యాలస్యమే.

రెండవది పొట్ట మెలితిరుగుట. రొమ్ము లోతుగా నుండు పెద్దజాతి కుక్కలలో ఇది కలుగును. జీర్ణకోశము వాయువుతో నుబ్బి తన చుట్టు తాను తిరిగి రెండువైపుల త్రోవ మూసికొనును. కుక్క కక్కబోవును గాని ఏమియు రాదు. పొట్ట డోలువలె మ్రోగును. ఇందు లెక్క దినములు కాదు, గంటలు. ముందు వాయువును వెడలించి, పొట్టను సరిదిప్పి, మరల తిరుగకుండ ప్రక్కగోడకు కుట్టి నిలుపుదురు.

మూడవది మోటారుబండి తగిలిన కుక్కలలో కనబడును. పైకి గాయమే యుండదు. కాని రొమ్మునకును పొట్టకును నడుమ నుండు కండపొర చినిగి, పేగులు, కాలేజము రొమ్ములోనికి దూరి ఊపిరితిత్తులను అణచివేయును. అట్టి కుక్క పడుకొనలేదు. మెడ చాచి కూర్చుండి రొప్పుచుండును. పొట్ట తెఱచిన క్షణమున గాలి రొమ్ములో చొచ్చును గనుక అది తనంతట ఊపిరి పీల్చజాలదు. కుట్టు ముగియువఱకు మఱియొకరు సంచి నొక్కుచునో, యంత్రముతోనో దానికి ఊపిరి పోయుచుండవలెను.

నాలుగవది అన్ననాళములోని పురుగుగడ్డ. స్పైరోసెర్కా అను నెఱ్ఱని పురుగు పేడపురుగులో పెరుగును. ఆ పేడపురుగును తిన్నను, దానిని తిన్న కోడి పచ్చిపేగులను తిన్నను కుక్కకు ఇది పట్టును. పిల్లపురుగులు రక్తనాళపు గోడవెంట ప్రాకి అన్ననాళము చేరి గడ్డలు కట్టును. తిన్న యన్నము తిన్నట్లే వెనుకకు వచ్చును. మొదట మందులతో లొంగును. ఉపేక్షించిన గడ్డ పుట్టకురుపుగా మాఱవచ్చును. అప్పుడు రొమ్ము తెఱచి కోయవలెను. కోడిని కోసిన యింట పచ్చిపేగులు కుక్కకు విసరుట మన యలవాటు. వానిని ఉడికించి పెట్టినచో ఈ యాపద కొంత తప్పును.

ఇక అడవిప్రాంతములలో ఏదుపందిని తఱిమిన కుక్క మూతినిండ ముండ్లు గ్రుచ్చుకొని వచ్చును. వానిని బలవంతముగా లాగినచో కొన్ని విఱిగి లోపల నిలిచి చీము పట్టును. మత్తిచ్చి తీయుటయే మేలు. అడవిపంది కోఱతో పొట్ట చీల్చినప్పుడు వెలికివచ్చిన పేగులను లోనికి త్రోయరాదు. తడిపిన శుభ్రమైన బట్ట కప్పి, పొట్ట చుట్టు వదులుగా కట్టి వైద్యునికడకు కొనిపోవలెను.

గుండెపురుగు, ఒక తెలుగువాని కృషి

దోమకాటువలన కుక్కగుండెలోను, గుండెనుండి ఊపిరితిత్తులకు పోవు రక్తనాళములోను పెరుగు పురుగొకటి కలదు. ఆడుపురుగు సుమారు 30 సెంటీమీటర్ల పొడవుండును. అవి గుంపులై గుండె ద్వారమును మూసినప్పుడు వైద్యుడు మెడయందలి సిరను కోసి, సన్నని పట్టుకారును గుండెవఱకు పంపి ఒక్కొక్క పురుగును బయటికి లాగును. పశువైద్యశస్త్రములలో ఇంత నేర్పు గల పని అరుదు.

ఈ పురుగు పట్టకుండ కుక్కలకు పెక్కేండ్లు నిత్యము ఇచ్చిన మందు డైఈథైల్‌కార్బమజీన్. హెట్రజాన్ అను పేర 1947లో వెలువడిన యీ మందు, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఎల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞుల కృషిఫలము. ఆయన 1895లో భీమవరమున జన్మించి 1948లో న్యూయార్కున మరణించెను. మనుష్యుల బోదకాలునకు వెదకిన యౌషధము మూగజీవికి సైతము రక్షయైనది. ఇప్పుడు నెలకొకసారి ఇచ్చు వేఱు మందులు దాని స్థానమునకు వచ్చినవి. కత్తి చేయవలసిన పనిని మాత్ర ముందుగానే తప్పించుట వైద్యమునందు ఉత్తమమార్గము.

ఒకే లక్షణము, రెండు రోగములు

ఇప్పుడు మిక్కిలి జాగ్రత్తగా చదువవలసిన సంగతి. దౌడపండ్ల నడుమ ఎముక ఇఱికిన కుక్క నోరు తెఱచియుంచును, చొంగ కార్చును, ముంగాళ్లతో మూతిని గీరుకొనును, తిండిని చూచియు తినలేదు. చూచినవారు "పిచ్చికుక్క!" యని కేకవేసి కఱ్ఱ లెత్తుదురు. మత్తిచ్చి పట్టుకారుతో ఒక్క నిమిషములో తీయదగిన ఎముకకు ఒక ప్రాణము పోవును.

దీనికి ఎదురైన పొరపాటు ఇంకను ఘోరము. రేబీసు వ్యాధిలో ఒక రకమున కుక్క కఱవదు, పరుగెత్తదు. దవడ వ్రేలబడి, గొంతు మాఱి, చొంగ కార్చుచు మూల నుండును. దయగల బాలుడు గొంతులో ఎముక యున్నదనుకొని నోటిలో చేయి పెట్టును. ఆ చొంగయే విషము. రేబీసు లక్షణములు పొడసూపిన పిమ్మట మనుష్యుడు బ్రదుకుట దాదాపు అసంభవము.

ఈ రెంటిని ఎట్లు వేఱుచేయుట? ఇంట మనము వేఱుచేయరాదు. అది వైద్యుని పని. కొట్టరాదు, నోట చేయి పెట్టరాదు. కుక్కను ఒంటరిగా గదిలోనో దొడ్డిలోనో మూసి, పిల్లలను దూరముగా నుంచి, వైద్యునికి తెలుపవలెను. కఱచినను, గాయముమీద చొంగ పడినను, వెంటనే సబ్బుతో పాఱెడు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆ దినమే వైద్యశాలకు పోవలెను. 1885వ సంవత్సరము జూలై 6వ తేదీన పాశ్చరు పండితుడు జోసెఫ్ మైస్టరు అను తొమ్మిదేండ్ల బాలునికి టీకా మొదలుపెట్టి ఈ మృత్యువునకు అడ్డుకట్ట వేసెను. ఆ వ్యాధికి టీకా నేడు కుక్కలకును కలదు. మూడు నెలల పిల్లకు మొదటిసారి వేయించి, పిమ్మట వైద్యుడు చెప్పిన గడువులలో మరల వేయించుచుండవలెను. టీకా వేసిన కుక్క నోరు తెఱచి చొంగ కార్చినప్పుడు జనులు కఱ్ఱకు తొందరపడరు. వైద్యుడును ధైర్యముగా ఎముక వెదకును. కావున టీకా మనలను రక్షించుటయే గాక, కుక్కకు చికిత్స పొందు నవకాశమును గూడ ఇచ్చుచున్నది.

మనము చేయదగినది

బాలబాలికలారా, శస్త్రము చేయుటకు ఏండ్లతరబడి చదువు కావలెను. కాని రోగమును మొదట చూడగలవారు మీరే. మీ యింటి కుక్క ఎప్పుడు తినుట మానినదో, ఎన్నిసార్లు కక్కినదో, ఏమి మ్రింగుట చూచితిరో, ఒక కాగితముపై గడియారము చూచి వ్రాయుడు. మనుష్యుల నొప్పిమాత్రలు దానికి వేయకుడు. వానిలో కొన్ని కుక్కల పొట్టలో పుండ్లు పుట్టించి మూత్రపిండములను చెఱచును. తలిదండ్రులారా, మీ మండలపు పశువైద్యశాల ఎచ్చట నున్నదో, ఎప్పుడు తెఱచియుండునో, ఆపద రాకమునుపే తెలిసికొని యుంచుకొనుడు. సంతకు పోవు దినమున ఒకమాఱు తొంగిచూచి వచ్చినను చాలును.

కుక్కకు మాట లేదు. దాని బాధను మాటలలో పెట్టవలసినవారము మనమే. పిల్లవాడు తెచ్చిన యా కాగితపుముక్కను చూచి, వైద్యుడు పేగు నల్లబడకమునుపే పొట్ట తెఱచినచో, ఆ శస్త్రచికిత్సలో మొదటి పని చేసినవాడు ఆ పిల్లవాడే.