గల్లాపెట్టెలో డబ్బంతా మనదేనా?

మన ఊళ్లలో చాలామంది అక్కచెల్లెళ్లు చిన్న కిరాణా కొట్టు పెట్టుకుంటున్నారు. పొదుపు సంఘంలో అప్పు తీసుకుంటారు. ఇంటి ముందు గదిలో రెండు బల్లలు వేస్తారు. సబ్బులు, అగ్గిపెట్టెలు, ఉప్పు, పప్పు తెచ్చి పెడతారు. మొదట్లో కొట్టు కళకళలాడుతుంది. ఏడాది తిరిగేసరికి కొన్ని కొట్లలో డబ్బాలు ఖాళీ అవుతాయి. బేరం లేకనా? కాదు. బేరం బాగానే ఉంటుంది. మరి సరుకు ఏమైపోయింది?

కాగితం, పెన్సిలు తీసుకోండి. లెక్క వేసి చూద్దాం.

రోజుకు 800 రూపాయల అమ్మకం అనుకుందాం. ఆ 800 మన సంపాదన కాదు. ఆ సరుకును మనం 700 పెట్టి కొన్నాం. అది అసలు. మళ్లీ సరుకు తేవాలంటే ఆ 700 ఉండాలి. మిగిలింది 100. ఆటో కిరాయికి, కరెంటుకు, కవర్లకు రోజుకు 20 పోతుంది అనుకోండి. ఇక మనకు మిగిలేది 80. సంఘం అప్పు వాయిదా కూడా ఇందులోంచే కట్టాలి.

ఇప్పుడు ఇంటి సంగతి చూడండి. పొద్దున్నే పాలకు గల్లాలోంచి 30 తీస్తాం. పిల్లవాడు ఏడిస్తే బిస్కెట్ ప్యాకెట్ ఇస్తాం. పప్పు కొట్లోదే, నూనె కొట్లోదే. అన్నీ కలిపి రోజుకు 100 అయిందనుకోండి. 80 సంపాదించి 100 వాడాం. ఆ 20 అసలులోంచి పోయింది. నెలకు 600. ఏడాదికి 7,000 పైనే. అప్పు వాయిదా ఇంకా కట్టనే లేదు. డబ్బాలు ఖాళీ కావూ మరి!

అలాగని ఇంట్లోకి వాడుకోవద్దని కాదు. మన కొట్టు ఉండగా పక్క కొట్లో కొంటామా? వాడిందల్లా ఒక పుస్తకంలో రాయండి. రాయడం మొదలుపెడితే చెయ్యి దానంతటదే కొంచెం వెనక్కి తగ్గుతుంది.

ఇక అరువు. అదే 800 అమ్మకంలో 200 అరువు పోయిందనుకోండి. చేతికి వచ్చింది 600. సరుకుకు కావలసింది 700. లాభం ఉన్నట్టే కనిపిస్తుంది, సరుకు తేవడానికి మాత్రం డబ్బు చాలదు. 'అరువు రేపు' అని బోర్డు పెట్టడం తేలికే. కానీ ఊళ్లో అందరూ మనవాళ్లే. వారానికోసారి కూలి డబ్బు వచ్చే ఇంటికి అరువు లేదంటే వాళ్లు మన గుమ్మం తొక్కరు. కాబట్టి ఏ ఇంటికి ఎంతవరకు ఇవ్వగలమో ముందే అనుకోవాలి. ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ పెట్టండి. తేదీ, వస్తువు, ధర రాయండి. వాళ్ల ముందే రాసి, చదివి వినిపించండి. 'మీ ఆయన తీసుకెళ్లాడు వదినా' అంటే 'ఎప్పుడు?' అని అడుగుతుంది. అప్పుడు తేదీ చూపించాలి కదా.

సరుకు తెచ్చేటప్పుడు ఎక్కువ లాభం వచ్చేదే మంచిదనుకుంటాం. 1,000 రూపాయలతో ఉప్పు, సబ్బులు తెస్తే 80 లాభం. కానీ అవి వారంలో అమ్ముడవుతాయి. ఆ డబ్బుతో మళ్లీ తెస్తాం. మూడు నెలల్లో పన్నెండుసార్లు తిప్పితే 960. అదే 1,000 పెట్టి ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చాం. 200 లాభం. కానీ అమ్మేసరికి మూడు నెలలు పట్టింది. ఏది నయం?

9 రూపాయలకు కొన్న ప్యాకెట్ 10కి అమ్మితే లాభం ఒక్క రూపాయి. గడువు దాటి ఒక్క ప్యాకెట్ పారేశామంటే తొమ్మిది ప్యాకెట్ల లాభం పోయినట్టే. అందుకే కొత్తది వెనక, పాతది ముందు పెట్టాలి. ప్యాకెట్ మీద తేదీ మనకిప్పుడు చదవడం వచ్చు. పక్కనే ఎం.ఆర్.పి. ఉంటుంది. అంతకంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోకూడదు. చల్లటి సీసాకు కూలింగ్ ఛార్జి అడగడం కూడా తప్పే.

ఇప్పుడు చాలామంది ఫోన్‌తో డబ్బు కడుతున్నారు. చిల్లర బాధ తప్పింది, మంచిదే. కానీ కొట్లో అతికించిన ఆ స్కానర్ కాగితం ఎవరి ఖాతాది? పొద్దుటినుంచి రాత్రిదాకా కూర్చునేది మనం. డబ్బు మాత్రం మగవాళ్ల ఖాతాలో పడుతుంది. సరుకు తెచ్చే రోజున వాళ్లను అడగాల్సి వస్తుంది. మీ పేరున బ్యాంకు ఖాతా ఉంటే, మీ ఫోన్ నంబరు దానికి కలిపించి, ఆ ఖాతాకే కాగితం తీయించుకోండి. రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు గల్లాలో డబ్బు, ఖాతాలో పడ్డ డబ్బు, అరువు, మూడూ వేరువేరుగా రాసి కూడండి.