గొంతుకు తగ్గ శ్రుతి ఏది? గిటార్ తీగల లెక్క ఇదీ

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూర్ మదనపల్లెలోని బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో కొద్దిరోజులు ఉన్నారు. జనగణమనను ఆయన ఇంగ్లీషులోకి తెచ్చింది ఇక్కడే. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాటకు స్వరాలు రాసిపెట్టారు. నలుగురు కలిసి పాడాలంటే ముందు స్వరం తేలాలి కదా! ఇప్పుడు మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో గిటార్ పట్టి సొంత పాటలు కట్టాలనుకునే పిల్లలకూ మొదటి ప్రశ్న అదే. తీగలు ఏ శ్రుతికి బిగించాలి?

మామూలుగా లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఈ, ఎ, డి, జి, బి, ఈ అని బిగిస్తారు. చాలామంది ఆ శ్రుతిలోనే పాట కట్టేసి, గొంతును అటు లాగుతారు. చరణం పైకి వెళ్లేసరికి గొంతు జీరపోతుంది. స్టూడియోలో అలా జరిగితే పాటా పోతుంది, డబ్బూ దండగ. అందుకే ముందు గొంతు, తర్వాతే తీగ. పాట ఎత్తుగా అనిపిస్తే ఆరు తీగలూ అరస్వరం దించుకోవచ్చు. ఆపా పాడేటప్పుడు శ్రుతి పెంచాల్సి వస్తే తీగలు బిగించి తెంపుకోవద్దు, కాపో పెడితే చాలు.

రెండో లెక్క రాగానిది. ఓపెన్ డి శ్రుతిలో ఉత్త తీగలు మీటితేనే అంతర గాంధారం పలుకుతుంది. పాటలో సాధారణ గాంధారం ఉంటే రెండూ కొట్లాడుకుంటాయి. డి, ఎ, డి, జి, ఎ, డి శ్రుతిలో ఆ గొడవ లేదు. ఇది స, ప, స, మ, ప, స. గాంధారమే లేదు కాబట్టి ఏ గాంధారమో పాడేవారే తేల్చుకోవచ్చు. తంబురాలా వెనక నిలబడుతుంది. కల్యాణి లాంటి రాగమైతే మాత్రం మూడో తీగను ఉత్తగా మీటకూడదు. ఆ మధ్యమం రాగానికి పడదు.

1960ల మొదట్లో ఈ శ్రుతిని ప్రచారంలోకి తెచ్చింది బ్రిటన్ గిటారిస్టు డేవీ గ్రాహం. మొరాకోలో ఊద్ వాద్యం విని, దానితో కలిసి వాయించడానికి తీగలు ఇలా మార్చుకున్నాడు. దక్కనీ మాటలతో తెలుగు పల్లవి కలిపి పాడే మన పిల్లలకూ ఇది బాగా కుదురుతుంది.

రికార్డింగుకు వెళ్లేముందు ప్రతి పాట పక్కన దాని శ్రుతి, కాపో ఎన్నో మెట్టులో ఉందో రాసుకోవాలి. ఒకే శ్రుతి పాటలన్నీ వరసగా ముగించాలి. శ్రుతి మార్చిన తీగ వెంటనే కుదురుకోదు, కాసేపటికి మళ్లీ జారుతుంది. అందుకే ప్రతి టేకుకు ముందు ఒకసారి సరిచూసుకోవాలి. కొత్త తీగలైతే ఒకట్రెండు రోజుల ముందే వేసి వాయించి ఉంచాలి.