పళ్ల సెట్టు పెట్టించుకున్నాక...

గ్రేటర్ నోయిడా నాలెడ్జ్ పార్క్‌లోని దంత వైద్య కళాశాలల్లో కట్టుడు పళ్లు అమర్చడం విద్యార్థులు నేర్చుకునే ముఖ్యమైన పనుల్లో ఒకటి. అచ్చు తీయడానికి, కొలతలు చూడటానికి, సరిచేయడానికి రోగి పలుమార్లు రావాలి. అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలవుతుంది. ఆ పళ్లు నోట్లో నిలుస్తాయా, డబ్బాలోకి చేరతాయా?

కొన్ని పళ్లే ఊడినవారికి తీసి పెట్టుకునే పాక్షిక సెట్టు అమరుస్తారు. క్లాస్ప్ అనే చిన్న కొక్కెం పక్క పన్నును పట్టుకుని దాన్ని నిలుపుతుంది. ఇంప్లాంట్ల కంటే ఖర్చు తక్కువ, శస్త్రచికిత్స అక్కర్లేదు.

ఫలితం మాత్రం ఖాళీ ఎక్కడుందన్న దానిపై చాలావరకు ఆధారపడుతుంది. అమెరికా దంత వైద్యుడు ఎడ్వర్డ్ కెన్నెడీ 1925లో ఈ ఖాళీలను 4 తరగతులుగా విభజించారు. మూడో తరగతిలో ఖాళీకి ముందూ వెనకా సొంత పళ్లుంటాయి. నమిలే బరువును అవి పంచుకుంటాయి. ఒకటో తరగతిలో రెండు వైపులా వెనక దవడ పళ్లు ఉండవు. సెట్టు వెనక భాగం చిగురు మీదే కూర్చోవాలి. నమిలేటప్పుడు పన్ను కంటే మెత్తని చిగురు ఎన్నో రెట్లు ఎక్కువగా అణుగుతుంది. దాంతో సెట్టు ఊగుతూ, క్లాస్ప్ ఉన్న పన్నును గునపంలా కదిలిస్తుంది. పైగా పళ్లు ఊడినచోట దవడ ఎముక ఏళ్ల తరబడి తరుగుతుంది. నిరుడు సరిగ్గా అమరిన సెట్టు ఇప్పుడు వదులు కావడానికి కారణం ఇదే. అప్పుడు అడుగుభాగాన్ని మళ్లీ చిగురుకు సరిపోయేలా నింపించుకోవాలి.

సెట్టు మేలు చేసిందో లేదో వైద్యుడి కన్ను ఒక్కటే చెప్పలేదు. అందుకే పరిశోధకులు రోగినే అడుగుతారు. 1997లో గ్యారీ స్లేడ్ రూపొందించిన ఓహిప్-14 ప్రశ్నావళిలో 14 ప్రశ్నలుంటాయి. మాట తడబడుతోందా, నొప్పి ఉందా, నలుగురిలో బిడియపడుతున్నారా అని అడిగి, 0 నుంచి 56 వరకు మార్కులు వేస్తారు. మార్కులు తగ్గితే ఇబ్బంది తగ్గినట్టు.

అయితే ఊడిన పళ్ల లోటు తీర్చే సెట్టే ఉన్న పళ్లకు ముప్పు కావచ్చు. క్లాస్ప్‌ల చుట్టూ పాచి పేరుకుంటే ఆ పళ్లు పుచ్చుతాయి, చిగుళ్లు వాస్తాయి. రాత్రీపగలూ తీయకుండా ఉంచితే దాని కింద కాండిడా శిలీంధ్రం పెరిగి, నోరు ఎర్రబడవచ్చు.

అందుకే రాత్రి సెట్టు తీసి, మెత్తని బ్రష్‌తో కడిగి, చన్నీళ్లలో ఉంచాలి. వేడినీళ్లకు అక్రిలిక్ వంగిపోతుంది. సొంత పళ్లను, ముఖ్యంగా క్లాస్ప్ పట్టిన వాటిని, మరింత శ్రద్ధగా తోముకోవాలి. నొప్పి లేకపోయినా వైద్యుడికి చూపించుకుంటూ ఉండాలి. ఆ పన్ను కూడా ఊడితే సెట్టుకు పట్టు ఉండదు.