స్విచ్‌లో ముందెవరు, వెనకెవరు?

డేటా సెంటర్ స్విచ్‌లో ఒక పోర్టు నుంచి బయటికి పోవాల్సిన ప్యాకెట్లు అది మోయగలిగినదాన్ని మించితే, కొన్ని బఫర్ అనే మెమరీలో ఆగుతాయి. బఫర్ కూడా నిండితే మిగతావి రాలిపోతాయి. ఏది ముందు పోవాలి, ఏది ఆగాలి, ఏది రాలినా ఫర్వాలేదు అన్నది స్విచ్‌కు ముందే చెప్పిపెట్టడం క్వాలిటీ ఆఫ్ సర్వీస్, అంటే క్యూఓఎస్.

బఫర్ ఎంత ఇరుకో లెక్క వేస్తే తెలుస్తుంది. రెండు 10 గిగాబిట్ పోర్టుల డేటా పూర్తి వేగంతో మూడో 10 గిగాబిట్ పోర్టు మీద పడిందనుకుందాం. 12 మెగాబైట్ల బఫరంతా దానికే ఇచ్చినా నిండడానికి పట్టేది సెకనులో వందో వంతు. ఒక సర్వర్ అడిగినదానికి పదుల సర్వర్లు ఒక్కసారే జవాబిస్తే జరిగేది ఇదే. ఐదు నిమిషాల సగటు చూపే గ్రాఫులో మాత్రం ఆ లింకు తీరిగ్గానే కనిపిస్తుంది. అందుకే ఈ జబ్బు చాలాకాలం బయటపడదు.

కాన్ఫిగరేషన్ ట్రాఫిక్‌ను తరగతులుగా గుర్తించడంతో మొదలవుతుంది. ఐపీ హెడర్‌లో 6 బిట్ల డీఎస్‌సీపీ గడి ఉంటుంది. అందులో 64 విలువలు పడతాయి. వాయిస్‌కు 46 వాడడం ఆనవాయితీ. సర్వర్ వేసుకొచ్చిన గుర్తును గుడ్డిగా నమ్మకూడదు. అద్దెదారుల వర్చువల్ మెషీన్ల నుంచి వచ్చేదానికి మొదటి స్విచ్‌లోనే తిరిగి గుర్తు వేయాలి.

తర్వాత క్యూలు. సాధారణంగా పోర్టుకు 8 ఉంటాయి. స్ట్రిక్ట్ ప్రయారిటీ క్యూలో ప్యాకెట్ ఉన్నంతసేపూ మిగతావాటికి వంతు రాదు. కాబట్టి పరిమాణం తక్కువగా ఉండే వాయిస్, కంట్రోల్ ట్రాఫిక్‌కే దాన్ని కేటాయించాలి. మిగిలినవాటికి శాతాల్లో వాటాలిస్తారు. బ్యాకప్‌కు 20 శాతం ఇస్తే, అది వాడుకోని భాగం ఇతరులకు పోతుంది.

అసలు చిక్కు స్టోరేజీ, ఏఐ క్లస్టర్లు వాడే ఆర్‌ఓసీఈ (ఈథర్నెట్ మీద నడిచే ఆర్‌డీఎంఏ, అంటే ఒక సర్వర్ మెమరీ నుంచి మరోదానికి నేరుగా డేటా పంపే పద్ధతి) ట్రాఫిక్‌తో. దానికి ప్యాకెట్ నష్టం అసలు పడదు. అందుకే పీఎఫ్‌సీ, అంటే ప్రయారిటీ ఫ్లో కంట్రోల్, బఫర్ నిండకముందే ఆ ఒక్క తరగతినే ఆపమని వెనక ఉన్న పరికరానికి చెబుతుంది. కానీ ఆ ఆపుడు స్విచ్ నుంచి స్విచ్‌కు వెనక్కి పాకి, సంబంధంలేని ప్రవాహాలనూ నిలిపేయగలదు. అందుకే ఈసీఎన్, అంటే ఎక్స్‌ప్లిసిట్ కంజెషన్ నోటిఫికేషన్, ముందుగా పనిచేయాలి: క్యూ పెరుగుతుండగానే ప్యాకెట్‌పై గుర్తు వేస్తే, ఆ కబురు అందుకున్న సర్వర్ పంపే వేగం తగ్గిస్తుంది. ఈసీఎన్ హద్దు పీఎఫ్‌సీ హద్దుకన్నా కిందే ఉండాలి. ఇది తారుమారైతే ఎంత ఖరీదైన స్విచ్ అయినా ఒకటే. నష్టంలేని తరగతులు ఒకటి రెండు మించకపోవడం మేలు.

సిస్కో నెక్సస్‌లో గుర్తింపు, క్యూయింగ్, పీఎఫ్‌సీ మూడూ మూడు రకాల పాలసీల్లో రాస్తారు. అవి ఒకదానితో ఒకటి సరిపోవాలి. దారిలోని ప్రతి స్విచ్‌లోనూ అవే ఉండాలి. ఆ తర్వాత క్యూలవారీ డ్రాప్, పాజ్ లెక్కలు చూస్తూ ఉండాలి. క్యూఓఎస్ బ్యాండ్‌విడ్త్‌ను పెంచదు. మామూలు వేళల్లోనూ ముఖ్యమైన క్యూలో డ్రాప్‌లు ఆగకపోతే, ఇక చేయాల్సింది లింకు పెంచడమే.