నొప్పి పోయినను మానని మాత్ర

పత్తి తీయు దినములలో మొగుళ్లపల్లి చేలవైపు పోయి చూచినచో, ప్రొద్దు పొడిచినది మొదలు వంచిన నడుము నెత్తక పనిచేయు స్త్రీలు కానవత్తురు. పూర్వము వరంగల్లు జిల్లాలో నుండి, 2016లో భూపాలపల్లి జిల్లాలో చేరిన యీ ప్రాంతమున పత్తి యేరుట, నాటు వేయుట, కలుపు తీయుట విశేషముగా స్త్రీల పనులే. సాయంకాల మిల్లు చేరిన పిదప వంటపని యుండనే యున్నది. అట్టి దేహమునకు నొప్పి కలుగుట వింత కాదు. ఆ నొప్పికి మాత్ర వేసికొనుటయు తప్పు కాదు. ఏ మాత్ర, ఎవరి మాటమీద, ఎన్ని దినములు వేసికొనుచున్నామో విచారించుకొనవలయును.

నొప్పి మాత్రలన్నియు నొక జాతివి కావు. పారాసిటమాల్, ఐబూప్రొఫెన్ వంటివి ఒక తెగ. మితిమీరినచో నివి కాలేయమునకో, కడుపునకో, మూత్రపిండములకో చేటు చేయును గాని మనుష్యుని దాసునిగా చేసికొనవు. మార్ఫిన్, కోడీన్, ట్రమడాల్, టపెంటడాల్ అనునవి వేరొక తెగ. మన పెద్దలెరిగిన నల్లమందునకు నివి చుట్టములు. వీనిలో కొన్ని కర్మాగారములలో పుట్టినవైనను, మెదడున నల్లమందు పట్టిన దారినే పట్టును.

ఒక యిల్లాలి నూహించుకొందము. శస్త్రచికిత్స యైన పిదప వైద్యుడు కొలది దినములకు మాత్రలు వ్రాసియిచ్చెను. నొప్పి తగ్గెను, దానితోపాటు చాలకాలముగా నెరుగని హాయి కలిగెను. మిగిలిన మాత్రల నామె యలమారలో దాచెను. నెల గడచిన పిదప నడుము నొప్పికి ఒకటి మ్రింగెను. ఇంటిలో మాట పట్టింపు వచ్చిన రాత్రి, నొప్పి యేమియు లేకున్నను మరియొకటి మ్రింగెను. మందు దారి తప్పినది ఆ రాత్రియే. దేహబాధకిచ్చిన మందు మనోవ్యథకు మందైనది.

అటుపిమ్మట జరుగునది ఆమె చేతిలో లేదు. మెదడు మందున కలవాటుపడును. మునుపు ఒక మాత్రతో కలిగిన యుపశమనమునకు రెండు కావలసివచ్చును. మానినచో నావులింతలు, కన్నుల నీరు, ఒళ్లునొప్పులు, విరేచనములు, నిద్రలేమి పీడించును. ఆ బాధ నామె పాతనొప్పియే తిరుగబెట్టినదని భ్రమించి మరల మాత్ర వేసికొనును. ఎక్కువ మోతాదు ఊపిరిని మందగింపజేయును. సారాయితోగాని నిద్రమాత్రలతోగాని కలిసినచో ప్రాణమే పోవచ్చును.

ఇది చదువులేనివారి తప్పిదమని తలపరాదు. 1898లో జర్మనీదేశపు బేయరు కంపెనీ హెరాయినును దగ్గు మందుగా నమ్మినది. 1996లో అమెరికాలో పర్డ్యూ కంపెనీ ఆక్సికాంటిన్ మాత్రను విడుదల చేసి, దీనివలన వ్యసనభయము తక్కువయని వైద్యులను నమ్మించినది. 2007లో న్యాయస్థానమున నేరము నొప్పుకొన్నది. మనదేశమున 2019లో వెలువడిన జాతీయ పరిశీలన ననుసరించి, 10 మొదలు 75 ఏండ్ల వయసువారిలో ఇంచుమించు నూటికొకరు ఔషధరూపమైన యీ మందులను వాడుచున్నారు. ట్రమడాలును 2018లో మాదకద్రవ్యముల చట్టము క్రిందికి తెచ్చిరి. అయినను ఇంటి యలమారకు కాపలా చట్టము కాదు, గృహిణియే.

కావున సోదరీమణులారా, వైద్యుడు మాత్ర వ్రాయునప్పుడు, ఇది ఏ తెగది, ఎన్ని దినములకు మానవలయునని సంకోచింపక యడుగుడు. ఒకరికి వ్రాసిన మాత్ర వేరొకరి కీయకుడు. పాత చీటీతో మరల కొనకుడు. మిగిలినవానిని దాచకుడు.

ఇంటిలో నెవరైన నిదివరకే చిక్కుకొనియున్నచో నిందింపకుడు. ఇది శీలదోషము కాదు, చికిత్స గల రోగము. మాత్రలను లాగికొని హఠాత్తుగా మాన్పించుటయు తగదు. వైద్యుని పర్యవేక్షణలో క్రమముగా తగ్గింపవలయును. బుప్రెనార్ఫిన్ వంటి మందులతో నీ వ్యసనమును కుదుర్చు పద్ధతి కలదు. 14446 అను జాతీయ సహాయ సంఖ్యకు ఫోను చేసినచో ఉచితముగా సలహా నిత్తురు.

ఒక్క హెచ్చరిక. ఈ భయముచేత రోగిని బాధపడనీయరాదు. కాన్సరు ముదిరినవారికి మార్ఫిన్ వరము వంటిది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆస్పత్రిలో వైద్యులు దానిని కొలచి యిచ్చి యెందరికో కడదినములలో శాంతి చేకూర్చుచున్నారు. మందు ఒకటే; వైద్యుని కొలతలో నున్నంతవరకు మేలుచేయును, ఆ కొలత తప్పిననాడు కీడు చేయును.

నేడే తీరిక చేసికొని యింటి మందులపెట్టె నొకసారి తెరచి చూడుడు. అందెవరికొరకో, ఎన్నడో వ్రాసిన మాత్రలున్నచో, అవి మరియొక రాత్రి యెవరి చేతికిని దొరకకుండ నేడే తీసివేయుడు.