మీకు తెలుసా? తెల్ల ఇసుక, ఉప్పునీరు, రంగు చేపలు

గూడూరు నుంచి సముద్రం వైపు వెళ్తుంటే చిల్లకూరు, కోట మండలాల్లో తెల్లటి ఇసుక నేలలు కనబడతాయి. మోమిడి, బల్లవోలు ఊళ్లకు పేరు తెచ్చిన సిలికా ఇసుక అది. గాజు తయారీకి మూలసరుకు సిలికాయే, నీళ్లు వడకట్టే ఫిల్టర్లలో పోసేదీ సిలికా ఇసుకే. అంటే చేపల తొట్టి అద్దానికీ, దాన్ని శుభ్రం చేసే ఫిల్టరుకీ కావలసిన ముడిసరుకు మన పక్కనే ఉంది. ఇంకాస్త ముందుకు పోతే తీరం వెంబడి రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలు. ఉప్పునీటిని శుభ్రంగా ఉంచుకోవడం మీదే అక్కడి వాళ్ల బతుకు నడుస్తోంది. ఇంట్లో సముద్రపు చేపలు పెంచాలనుకునేవాళ్లు ముందుగా చూడవలసింది పరికరాల కేటలాగులు కాదు, ఆ హేచరీలని.

అద్దంలా తేటగా ఉన్న నీళ్లలోనే చేప చచ్చిపోవచ్చని తెలుసా? చేప మొప్పల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి వచ్చే అమ్మోనియాకి రంగు ఉండదు. పైగా మంచినీటి తొట్టిలో కంటే ఉప్పునీటి తొట్టిలో దాని దెబ్బ గట్టిగా తగులుతుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. పీహెచ్ 7 ఉన్న నీటితో పోలిస్తే, ఉన్న అమ్మోనియా అంతే అయినా, అందులో విషంగా పనిచేసే భాగం పది రెట్లకు పైగా ఉంటుంది. ఎండ ముదిరేకొద్దీ అదీ పెరుగుతుంది. ఉప్పునీటిలో ఆక్సిజనూ తక్కువే. 30 డిగ్రీల వేడిలో మంచినీరు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, సముద్రపు నీరు పట్టుకునేది ఆరు పైచిలుకు మాత్రమే. గూడూరు మే నెల ఎండల్లో తొట్టి నడపాలంటే, నీళ్లను ఎంత తేటగా చేస్తుందన్నది ఫిల్టరుకు రెండో పరీక్ష. నీళ్లలోకి ఎంత గాలి చేరుస్తుందన్నదే మొదటి పరీక్ష.

ఆ అమ్మోనియాని విరగ్గొట్టేది ఫిల్టరు కాదు, ఫిల్టరులో కాపురం పెట్టే బాక్టీరియా. ఒక రకం దాన్ని నైట్రైటుగా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైటుని నైట్రేటుగా మారుస్తుంది. రష్యన్ శాస్త్రవేత్త వినోగ్రాడ్‌స్కీ ఈ జీవుల్ని 1890లో విడిగా పెంచి చూపించాడు. రెండో పని చేసేది నైట్రోబాక్టర్ అని చాలాకాలం పుస్తకాల్లో చదువుకున్నాం. అక్వేరియం ఫిల్టర్లలో ఆ పని ఎక్కువగా చేస్తున్నది నైట్రోస్పైరా అని 1990లలో తేలింది. ఇవి నెమ్మదిగా పెరుగుతాయి. కొత్త ఉప్పునీటి తొట్టి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. ఆ లోపే చేపలు వదిలేస్తే ఎంత ఖరీదైన ఫిల్టరైనా వాటిని కాపాడలేదు. అలాగే, స్పాంజి మురికి పట్టిందని కుళాయి కింద పెట్టి కడగకండి. క్లోరిన్ ఉన్న నీళ్లయితే బాక్టీరియా చచ్చిపోతుంది. తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే పిండి మళ్లీ పెట్టేయాలి.

హేచరీ వాళ్లు సముద్రపు నీటిని తోడి నిలవబెడతారు, ఇసుక ఫిల్టరులోంచి పంపుతారు, క్లోరిన్ కలిపి తర్వాత దాన్ని విరగ్గొడతారు, చివర్లో ఒకటి రెండు మైక్రాన్ల కాట్రిడ్జిల గుండా తీస్తారు. ఇంత వడకట్టాక కూడా క్లోరినో, యూవీ (అతినీలలోహిత) దీపమో ఎందుకు? 1994-95లో మన తీరంలో టైగర్ రొయ్యని తుడిచిపెట్టిన తెల్లమచ్చ వైరస్ మందం మైక్రానులో దాదాపు పదో వంతు. ఒక మైక్రాన్ కాట్రిడ్జి దానికి తెరిచి పెట్టిన తలుపే. వైరస్‌ని మోసుకొచ్చే చిన్న పురుగుల్ని, పీత పిల్లల్ని ఫిల్టరు ఆపుతుంది. వైరస్‌ని చంపవలసింది క్లోరినో, యూవీనో. ఇంటి తొట్టికీ ఇదే వర్తిస్తుంది. వడకట్టడం వేరు, క్రిముల్ని చంపడం వేరు. ఒకే పెట్టె రెండూ చేస్తుందని చెబితే అందులో యూవీ దీపం ఉందో లేదో అడగండి.

తూపిలిపాలెం నుంచో మైపాడు నుంచో డబ్బాల్లో నీళ్లు తెచ్చుకునేవాళ్లకి ఒక మాట. ఈశాన్య రుతుపవనాల కాలంలో, ముఖ్యంగా నవంబరు, డిసెంబరుల్లో స్వర్ణముఖి, కండలేరు నీళ్లు కలిసేచోట ఉప్పదనం బాగా పడిపోతుంది. క్రీకు నోటి దగ్గర ముంచకండి. తెచ్చాక సాంద్రత 1.023 నుంచి 1.025 మధ్య ఉందో లేదో కొలవండి. వేసవిలో తొట్టి నీళ్లు తగ్గితే ఉప్పునీరు పోయకూడదు. ఆవిరైంది నీరే, ఉప్పు లోపలే ఉంది. ఆర్వో నీళ్లు పోయాలి.

తుపాను తర్వాత ఒడ్డుకు కొట్టుకొచ్చే నురగని చూశారు కదా. ప్రోటీన్ స్కిమ్మర్ అనే పరికరం పనిచేసేది ఆ సూత్రం మీదే. ఉప్పునీటిలో గాలి బుడగలు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా సన్నగా నిలుస్తాయి, జిగురు మురికి వాటికి అంటుకుని పైకి వస్తుంది. మంచినీటిలో బుడగలు కలిసి పెద్దవైపోతాయి, అందుకే అక్కడ స్కిమ్మర్ సరిగా పనిచేయదు. నాలుగు రోజులకి స్కిమ్మర్ పైన ఉండే కప్పులో చిక్కటి టీ డికాషన్ రంగు ద్రవం చేరుతుంది, దగ్గరికి వెళ్తే ముక్కు మూసుకోవాల్సిందే. అదంతా కుళ్లి అమ్మోనియాగా మారకముందే తొట్టిలోంచి బయటపడిన మురికి. అదే పనిలో నీళ్లకి గాలీ అందుతుంది. ఉప్పునీటి తొట్టికి ఒక్క పరికరమే కొనగలిగితే ఇదే కొనమంటాను. స్కిమ్మర్ పంపు మీద సున్నపు పెచ్చు కడితే గూడూరు నిమ్మకాయల రసంలో నానబెట్టండి, పెచ్చు విడిపోతుంది. తర్వాత మంచినీళ్లతో కడిగి బిగించుకోవచ్చు.

రొయ్యల గుంటల్లో జియోలైట్ చల్లడం మన వైపు మామూలే. మంచినీటిలో అది అమ్మోనియాని పీల్చుకుంటుంది. ఉప్పునీటిలో సోడియమే జియోలైట్‌లోని చోట్లన్నీ ఆక్రమించేస్తుంది, అమ్మోనియాకి ఇంక జాగా మిగలదు. సముద్రపు తొట్టికి జియోలైట్ ప్యాకెట్ కొనడం డబ్బు దండగ. కొబ్బరి చిప్పల బొగ్గుతో చేసిన యాక్టివేటెడ్ కార్బన్ మాత్రం నీటి పసుపు రంగుని, మందుల అవశేషాల్ని బాగా తీస్తుంది. అమ్మోనియా జోలికి అదీ పోదు.

తొట్టి కింద అదనంగా నీళ్లు నిలవ ఉంచడం పాత ఆలోచనే. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో 1871లో తెరిచిన అక్వేరియంలో ప్రదర్శన తొట్ల కంటే కింద చీకట్లో ఉన్న నీటి తొట్టి ఎన్నో రెట్లు పెద్దది. ఇవాళ అక్వేరియం కింద పెట్టే సంప్ దానికి వారసురాలే.

ఇక కరెంటు. మూత బిగించిన క్యానిస్టర్ ఫిల్టరులో కరెంటు పోయిన కొన్ని గంటలకే ఆక్సిజన్ అయిపోతుంది, బాక్టీరియా చస్తుంది. కరెంటు రాగానే ఆ కుళ్లు నీళ్లన్నీ చేపల మీదికి వస్తాయి. అందుకే లోపలి నీళ్లు పారబోసి గానీ స్విచ్ వేయకండి. తెరిచి ఉన్న సంప్‌కి ఈ ప్రమాదం చాలా తక్కువ. మన ఊళ్లకి సంప్, స్కిమ్మర్, బ్యాటరీతో నడిచే గాలి పంపు ఈ మూడూ సరిపోతాయి. కరెంటు పోయినప్పుడు పైనుంచి దిగే నీళ్లు పట్టేలా సంప్‌లో జాగా వదలడం మరిచిపోవద్దు.

చివరగా ఒక విన్నపం. విదేశీ పుస్తకాలు ఫిల్టరు కోసం లైవ్ రాక్, అంటే జీవులు నివసించే పగడపు రాయి, పెట్టమంటాయి. మన దేశంలో రాతి పగడాలన్నిటినీ, సముద్రపు గుర్రాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. ఎవరు అమ్మినా కొనకండి. సిరామిక్ రింగులు అదే బాక్టీరియాకి చోటిస్తాయి. క్లౌన్ చేపల్ని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ హేచరీల్లోనే పుట్టించి పెంచుతోంది. దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, ఈ చేప తొట్టిలో పుట్టిందా, సముద్రంలో పట్టిందా అని.